నల్ల అట్ట, కంచు గంట: ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ విశేషాలు

ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ ఏసీ/డీసీకి ‘హైవే టు హెల్’ ఆల్బమ్‌తో అమెరికాలో పేరు వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1980 ఫిబ్రవరి 19న, గాయకుడు బాన్ స్కాట్ లండన్‌లో చనిపోయాడు. అతని వయసు 33. జూలై 25 కల్లా కొత్త గాయకుడితో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ అమెరికాలో విడుదలైంది. అయిదు నెలలకే ఇంత తొందరా అని అనిపించవచ్చు. కానీ బ్యాండ్‌ని ఆపవద్దని చెప్పింది బాన్ కన్నవాళ్లే.

కొత్త గాయకుడు ఎవరో ముందే చెప్పి పోయినవాడు కూడా బానే! 1970ల తొలినాళ్లలో అతను ఇంగ్లండ్‌లో వేరే బ్యాండ్‌తో తిరుగుతూ, ‘జోర్డీ’ అనే బ్యాండ్ కచేరీకి ముందు పాడాడు. జోర్డీ గాయకుడు బ్రయాన్ జాన్సన్ ఆ రాత్రి వేదిక మీద పడి దొర్లుతూ గావుకేకలు పెట్టాడు. రాక్ గాయకుడంటే ఇతనేనని బాన్ మురిసిపోయి, తర్వాత ఏసీ/డీసీ గిటారిస్టులైన ఆంగస్, మాల్కమ్ యంగ్ సోదరులకు ఆ కథ చెప్పాడు. కానీ అది నటన కాదు, జాన్సన్ ఆ రాత్రి నిజంగానే అపెండిక్స్ నొప్పితో విలవిల్లాడాడు.

పాడి చూపమని ఏసీ/డీసీ నుంచి పిలుపు వచ్చేనాటికి జాన్సన్ న్యూకాజిల్‌లో కార్ల పైకప్పులకు వినైల్ అతికించే పని చేస్తున్నాడు. హూవర్ వాక్యూమ్ క్లీనర్ ప్రకటనకు పాడే పని కూడా అదే రోజు లండన్‌లో దొరికింది కాబట్టి ప్రయాణం కలిసివచ్చింది. పరీక్షలో మొదట టీనా టర్నర్ పాట పాడాడు. తర్వాత అందుకున్నది బాన్ పాటే, ‘హోల్ లొట్టా రోజీ’.

రికార్డింగ్ బహమాస్‌లోని నాసో ఊళ్లో, కంపాస్ పాయింట్ స్టూడియోలో జరిగింది. నిర్మాత మట్ లాంగ్, ఇంజినీర్ టోనీ ప్లాట్. వెళ్లేసరికి తుపాను గాలులు, కరెంటు కోతలు. జాన్సన్‌కు ‘హెల్స్ బెల్స్’ మొదటి మాటలు ఆ ఉరుముల్లోంచే అందాయి. పోయినవాడిని తలచుకుంటూ రాయాలి, కానీ ఏడుపు పాట కాకూడదు: టైటిల్ పాటకు అన్నదమ్ములు పెట్టిన షరతు అది. అంతకుముందు ఆ బ్యాండ్‌లో ఒక్క పాటా రాయని మనిషికి ఇది మామూలు పరీక్ష కాదు.

ఇక ‘హెల్స్ బెల్స్’ మొదట్లో మోగే గంట. ఆల్బమ్ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో ఊళ్లో గంటలు పోతపోసే జాన్ టేలర్ కార్ఖానా ఉంది. వేదిక మీద మోగించడానికి అక్కడ సుమారు టన్ను బరువున్న కంచు గంట చేయించారు. అది తయారయ్యేలోపు ఆ ఊరి యుద్ధస్మారక గోపురంలోని గంటను రికార్డు చేద్దామని టోనీ ప్లాట్ మైకులు బిగించాడు. గోపురం నిండా పక్షులు. కొట్టిన ప్రతిసారీ అవి రెక్కలు టపటపలాడిస్తూ ఎగిరిపోయేవి. గంట నాదం తీగలా సాగుతూ పలచబడేచోట ఆ చప్పుడు వచ్చి పడేది. అలా కాదని కార్ఖానాకే వెళ్లి, బ్యాండ్ కోసం పోసిన గంటనే మోగించి పట్టుకొచ్చారు. తర్వాత టేపు వేగాన్ని సగానికి తగ్గించారు. స్థాయి కిందికి దిగి, మరింత పెద్ద గంటలా మోగింది. గిటార్ వినబడకముందే ఆ మోత నాలుగు సార్లు వింటే చాలు, చావుకబురు చేరినట్టే. ఏ నివాళి ప్రసంగమూ ఇంత సూటిగా ఉండదు.

అట్ట పూర్తిగా నల్లగా ఉండాలని బ్యాండ్ పట్టుబట్టింది. అది సంతాప సూచన. రికార్డుల సంస్థ అట్లాంటిక్‌కు అది నచ్చలేదు. చివరికి బ్యాండ్ పేరు చుట్టూ బూడిదరంగు గీత వేస్తే సరేనంది.

బాన్ చేతులు ఈ పాటల్ని తాకాయి కూడా. చనిపోవడానికి కొద్ది రోజుల ముందు అన్నదమ్ములు కొత్త బాణీలు కడుతుంటే, అతను డ్రమ్స్ ముందు కూర్చుని రెండింటికి తాళం వేశాడు. వాటిలో ఒకటి ‘హ్యావ్ ఎ డ్రింక్ ఆన్ మీ’.

బ్రిటన్‌లో ఈ ఆల్బమ్ మొదటి స్థానానికి చేరింది. అమెరికాలో మాత్రం నాలుగు దాటి పైకి పోలేదు. అయినా ఏళ్ల తరబడి అమ్ముడవుతూ అక్కడ రెండున్నర కోట్ల ప్రతులు దాటింది. అమెరికా జాబితాలో ఏసీ/డీసీకి మొట్టమొదటి నంబర్ వన్ తెచ్చిపెట్టింది 1981లో దీని వెనకే వచ్చిన ‘ఫర్ దోజ్ అబౌట్ టు రాక్’.