జట్టు ఓడితే కోచ్‌ను మార్చాలా?

జట్టు గెలిచిన రోజున పేరు ఆటగాళ్ళది. ఓడిన రోజున నింద కోచ్‌ది. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం మెట్ల మీద కూర్చున్నవారి నుండి, పల్లెలో బడి వెనుక వాలీబాల్ కోర్టు చుట్టూ నిలబడ్డవారి వరకు అందరిలోనూ ఈ గుణం కనిపిస్తుంది. ఆఖరి విజిల్ మోగకముందే "ఈ సారును తీసేస్తే గాని మన టీము బాగుపడదు" అంటారు ఒకరు. "వచ్చేవాడు ఇంతకంటే ఏం చేస్తాడు?" అంటారు ఇంకొకరు. టీ కొట్టు దగ్గర మొదలైన మాట రాత్రి అన్నాల వేళకు ఇల్లు చేరుతుంది. పక్కన కూర్చున్న పిల్లలు వింటారు. తెల్లవారితే వాళ్ళు అదే సారు ముందు వరుసలో నిలబడి ఆయన చెప్పినట్లు పరుగెత్తాలి గదా!

కనుక ఇది ఆటకు సంబంధించిన చిన్న విషయంగా కనిపించినా, పిల్లలున్న ప్రతి కుటుంబమూ కాస్త నిదానించి ఆలోచించవలసిన విషయం.

అందరికీ ఉన్న జబ్బే

ఈ వాదన మన దగ్గరే పుట్టలేదు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఫుట్‌బాల్ అని పిలిచే ఆట ఒకటుంది. అది మన కాలి బంతి ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకొని ఆడేది. అక్కడ ప్రతి సీజనులోనూ ఏదో ఒక కాలేజీ అభిమానులు "కోచ్‌ను మార్చండి" అని పట్టుబడతారు. మన తెలుగు పిల్లలు ఎందరో చదువుకున్న టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం 2023 నవంబరులో తన కోచ్ జింబో ఫిషర్‌ను తొలగించింది. ఒప్పందం ఇంకా ఏళ్ళ తరబడి మిగిలి ఉండడంతో, పని మాన్పించినందుకే ఆయనకు 7 కోట్ల 50 లక్షల డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చింది. ఓటమి మీది కోపానికి మనుషులు ఎంత ఖరీదైనా పెడతారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మన దేశపు ఫుట్‌బాల్‌లో కూడా ఇదే జరిగింది. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన జట్టు ఆడిన మూడు ఆటలూ ఓడింది. ఒక్క గోలైనా చేయలేదు. మార్చిలో గౌహతిలో ఆఫ్ఘనిస్తాన్ చేతిలో ఓడింది. జూన్‌లో ప్రపంచ కప్ అర్హత పోటీల నుండి బయటపడింది. అయిదేళ్ళుగా ఉన్న క్రొయేషియా కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను ఆ నెలలోనే తొలగించారు. అభిమానులు సంతోషించారు. స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కేజ్ వచ్చాడు. ఆయన కింద ఆడిన ఎనిమిది ఆటల్లో గెలిచింది ఒక్కటే. ఏడాది తిరిగేసరికి 2025 జూలైలో ఆయనా వెళ్ళిపోయాడు. ఆగస్టులో మనవాడే అయిన ఖాలిద్ జమీల్‌కు బాధ్యత అప్పగించారు. మొదట కొంచెం వెలుగు కనిపించింది గాని, అక్టోబరు 14న గోవాలో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి, 2027 ఆసియా కప్‌కు అర్హత పోగొట్టుకున్నాం.

ఏడాదిన్నర లోపల ముగ్గురు కోచ్‌లు! పేర్లు మారాయి, దేశాలు మారాయి; ఫలితం మారలేదు. ఆ సంవత్సరమే దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్, డబ్బు ఒప్పందాల చిక్కుల వల్ల ఎప్పటిలా సెప్టెంబరులో మొదలు కాలేదు. ఆటగాళ్ళకు ఆడే పోటీలే లేనప్పుడు ఏ కోచ్ వచ్చి మాత్రం ఏం చేయగలడు? నీళ్ళు లేని పొలానికి జీతగాణ్ణి మార్చినట్లుంది మన వ్యవహారం.

పది గోల్స్ ఓటమి తర్వాత

ఇంతకంటే పెద్ద అవమానం మన జట్టుకు ఒకప్పుడు జరిగింది. అప్పటి కోచ్ మన హైదరాబాదు వాడే. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. వృత్తికి బడిపంతులు. అందరూ ఆయనను రహీం సాబ్ అని పిలిచేవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోని భారత జట్టు బంగారు పతకం తెచ్చింది.

ఆ మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్స్. మొదటి ఆటలోనే యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయాం. దేశమంతా సిగ్గుతో తల వంచుకోవలసిన ఓటమి. కోచ్‌ను వెళ్ళగొట్టడానికి ఇంతకంటే కారణం కావాలా?

అయితే ఓటమికి అసలు కారణాలేమిటో చూడండి. మనవారిలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. ఫిన్లాండ్ చలి వారికి కొత్త. మన దేశపు పోటీలు ఆ రోజుల్లో అంతర్జాతీయ పోటీల కంటే తక్కువ సేపు జరిగేవి. 90 నిమిషాలు పరుగెత్తే అలవాటు కాళ్ళకు లేదు. వీటిలో ఏ ఒక్కటీ కోచ్‌ను మార్చినంత మాత్రాన మారేది కాదు. తిరిగి వచ్చిన తర్వాత ఆటగాళ్ళు బూట్లు వేసుకొనే ఆడాలన్న నియమం పెట్టారు. అది సరియైన దిద్దుబాటు. తప్పు బూట్ల దగ్గర ఉంటే బూట్లనే మార్చాలి.

రహీం సాబ్ కూడా ఊరుకోలేదు. బయటి దేశాలవారు ఆడే పద్ధతిని నేర్చుకొని, తన జట్టును కొత్త వరుసలో నిలబెట్టారు. బంతిని దగ్గరే ఉంచుకొని ఒంటరిగా దూసుకుపోకుండా వెంటనే పక్కవాడికి అందించాలన్న నియమంతో ప్రత్యేకంగా పోటీలు పెట్టారు. వాడుక తక్కువైన కాలితోనే ఆడాలని ఇంకొక పోటీ పెట్టారు. నాలుగు సంవత్సరాలు గడిచాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. చివరికి నాలుగవ స్థానం దక్కింది. ఈనాటి వరకు అంతకు మించి మనం పోలేదు.

హెల్సింకీలో తలవంచుకున్న మనిషే మెల్‌బోర్న్‌లో తలెత్తుకున్నాడు. పది గోల్స్ చూసి ఆయనను శాశ్వతంగా పక్కన పెట్టి ఉంటే, ఆ నాలుగవ స్థానం ఎవరి ఖాతాలో పడేదో ఎవరు చెప్పగలరు?

మొదటి ఆట ఓడినా

1962లో జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. అప్పటికే రహీం సాబ్ శరీరాన్ని క్యాన్సర్ తినేస్తున్నది. అయినా ఆయన ఆటగాళ్ళను నిందించలేదు. వారూ ఆయనను విడిచిపెట్టలేదు. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచారు. వెనుక వరుసలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడితే, ఆయనను ముందు వరుసకు మార్చారు రహీం. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్ళీ ఆ దక్షిణ కొరియానే ఎదురైంది. రాజకీయ కారణాల వల్ల స్టేడియంలోని సుమారు లక్షమంది మనవాళ్ళకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. ఆ కేకల మధ్యనే పి.కె. బెనర్జీ ఒక గోలు, కుట్లు పడిన తలతో జర్నైల్ సింగ్ ఒక గోలు చేశారు. 2-1తో బంగారు పతకం మనదైంది.

1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఆ తర్వాత ఇన్ని సంవత్సరాల్లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల్లో మళ్ళీ బంగారం చూడలేదు.

ఆ జట్టులో మన సికింద్రాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. పేద కుటుంబం. ప్రాక్టీసుకు రావడానికి డబ్బు లేదంటే రహీం సాబే సైకిలుకు ఏర్పాటు చేశారని ఆయన పెద్దయ్యాక కృతజ్ఞతతో చెప్పుకునేవారు. ఇటువంటివి స్కోరుబోర్డు మీద కనిపించవు. మనం కోచ్‌ను తూచే తక్కెడలో వీటికి కూడా చోటుండాలి.

ఒక్క సంవత్సరం గడువు

అంజూరపు చెట్టు ఉపమానం మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలిసినదే. పండ్లు లేని చెట్టును నరికివేయమన్నాడు యజమాని. ఇంకొక్క ఏడు ఆగమన్నాడు తోటమాలి. మనం సాధారణంగా అక్కడితో ఆగిపోతాం. అయితే తోటమాలి వట్టి గడువు అడగలేదు. చుట్టూ త్రవ్వుతానన్నాడు, ఎరువు వేస్తానన్నాడు. ఆ పైన, అప్పటికీ కాయకపోతే నరకవచ్చునని తానే ఒప్పుకున్నాడు. ఓర్పు, ఎరువు, గడువు – ఈ మూడూ కలిస్తేనే న్యాయం. ఎరువు వేయకుండా గడువు ఇవ్వడం మోసం. గడువే లేకుండా ఓర్చుకోవడం బద్ధకం.

మార్పు మంచి చేయదని ఎవరూ అనలేరు. హైదరాబాద్ ఎఫ్‌సి అనే జట్టు 2019-20లో తన మొదటి సీజన్ ఆడింది. వరుస ఓటములతో 2020 జనవరిలో కోచ్ ఫిల్ బ్రౌన్‌ను తొలగించారు. అయినా ఆ ఏడాది చివరి స్థానమే మిగిలింది. ఆ తర్వాత, మనం ఇంతకుముందు చెప్పుకున్న మనోలో మార్కేజ్ ఈ జట్టుకు వచ్చాడు. యువకులను నమ్మాడు, యాజమాన్యం ఆయనను నమ్మింది. మొదటి ఏడు అయిదవ స్థానం. రెండవ ఏడు, 2022 మార్చి 20న, కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఛాంపియన్ అయింది. అయితే 2023-24లో ఆటగాళ్ళకు జీతాలు అందక, విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోగా, అదే జట్టు మళ్ళీ అట్టడుగుకు చేరింది. హైదరాబాదులో విజయం సాధించిన మార్కేజే దేశపు జట్టుతో సాధించలేకపోయాడు. మనిషి ఒక్కడే. చుట్టూ ఉన్న నేల వేరు.

మన వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామాన్ని తలచుకోండి. బుద్ధి ఎదుగుదల లోపంతో పుట్టిన జీవంజి దీప్తిని చూసి నవ్వినవారు ఆ ఊళ్ళోనే ఉన్నారు. బడిలో ఆమె పరుగు ఒక వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడింది. హైదరాబాదులో శిక్షణ దొరికింది. ఏళ్ళు పట్టింది. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ సెప్టెంబరులో ప్యారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. మొదటి ఏడాది పతకమేదీ అని అడిగి ఉంటే ఆ పరుగు బడి మైదానంలోనే ఆగిపోయేది.

ఎప్పుడు మార్చాలి?

కొన్ని సంగతుల్లో ఓర్పు పనికిరాదు. కోచ్ పిల్లలను కొట్టినా, ఆడపిల్లలతో హద్దు మీరినా, జట్టులో చోటుకు డబ్బు అడిగినా, కులం చూసి గాని బంధుత్వం చూసి గాని ఎంపిక చేసినా, జట్టు ఎన్ని కప్పులు గెలుస్తున్నా సరే, ఆ రోజే అతనిని పంపివేయాలి. విచిత్రమేమిటంటే, ఓడితే గోల చేసే మనం, గెలిపించే కోచ్ చేసే ఇటువంటి తప్పులకు కళ్ళు మూసుకుంటాం. ఓటమి నేరం కాదు. ఇవి నేరాలు.

మిగిలిన సందర్భాల్లో, మార్చమని అడిగేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఒకటి: ఓటమికి కారణం ఆయనేనా, లేక బంతులు, బూట్లు, మైదానం, తిండి కూడా సరిగా లేవా? రెండు: ఆయన తప్పు నుండి నేర్చుకుంటున్నారా, లేక నిరుడు చేసిందే ఈ ఏడూ చేస్తున్నారా? మూడు: రేపు వచ్చే మనిషికి ఈయనకు ఇవ్వనిది మనం ఏమి ఇవ్వబోతున్నాం? మూడవదానికి జవాబు లేకపోతే మార్పు వల్ల పేరు మాత్రమే మారుతుంది.

రెండవదానికి "నేర్చుకోవడం లేదు" అనే జవాబు వస్తే అప్పుడు మార్చమని అడగవచ్చు. కాని ఆ మాట ఆయనకే ఎదురుగా, మర్యాదగా చెప్పాలి. పిల్లల ముందు కాదు, టీ కొట్టులో కాదు.

మన ఊరి బడిలో పిల్లలను ఆడించే సారు గాని టీచరమ్మ గాని ఉంటే, ఓడిన రోజు వరకు ఆగకండి. ఈ వారంలోనే ఒక సాయంత్రం మైదానానికి వెళ్ళండి. "సార్, పిల్లలకు ఏం తక్కువగా ఉంది?" అని అడగండి. బహుశా ఒక నెట్ కావాలంటారు, ఒక సున్నం బస్తా కావాలంటారు, లేదా మీ అమ్మాయిని ఇంకొక గంట ఆడనివ్వమంటారు. అది ఇచ్చి చూడండి. ఆ తర్వాత ఆటను గూర్చి మాట్లాడే హక్కు మనకు వస్తుంది.