రొట్టెల ఇంట కరువు

 

డిసెంబరు నెల వచ్చేసరికి మా రాయదుర్గంలో రెండు దృశ్యాలు ఒకేసారి కనిపిస్తాయి. ఒకవైపు విశ్వాసుల ఇండ్ల మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. ఆలయాలకు సున్నం వేస్తారు. జీన్సు ప్యాంట్లు కుట్టే ఇండ్లలో స్త్రీలు ఆర్డరు పని ముగించుకొని, రాత్రి పొద్దుపోయాక తమ పిల్లల పండుగ గుడ్డలు కుట్టుకుంటారు. మరొకవైపు, అదే ఊరి బస్టాండులో, గిన్నెల మూటలు నెత్తిన పెట్టుకొని, పసిబిడ్డలను చంకనెత్తుకొని పల్లెజనం బెంగళూరు బస్సు కోసం నిలబడి ఉంటారు. శెనక్కాయ పంట చేతికి రాని యేడు ఈ రెండవ దృశ్యమే పెద్దదిగా ఉంటుంది.

మా ప్రాంతం ఎరుగనివారికి ఒక్క మాట. అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదీ అదనుకు రాదు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఒడ్డున ఇసుక గాలికి లేచి పొలాల మీద మేటలు వేస్తుంది. ఆ నదిని మావాళ్ళు హగరి అంటారు. చాలా నెలలు అందులో నీటికంటె ఇసుకే ఎక్కువగా కనబడుతుంది. ఇటువంటి సీమలో నిలబడి క్రిస్మస్ అంటే ఏమిటని అడిగితే, కేకు కోసినంత సులువుగా జవాబు చెప్పలేము. ఆ జవాబు వెదకుటకు మమ్మును పురికొల్పినది ఒక అవ్వ. ఆ సంగతే మీతో పంచుకొన గోరుచున్నాము.

అవ్వ అడిగిన ప్రశ్న

అది 2018. వానలు మొహం చాటేసిన సంవత్సరం. డిసెంబరు మూడవ వారంలో మేము యౌవనస్థులతో కలిసి ఇంటింటికి పాటలకు బయలుదేరాము. డప్పు, కంజర, చేతిలో బ్యాటరీ లైట్లు, ఒక తమ్ముడు క్రిస్మస్ తాత వేషంతో. ఒక పల్లెలో మా సంఘ కుటుంబం ఇంటి ముందు నిలబడి పాట ఎత్తుకున్నాము. రెండు చరణాలు పాడిన తరువాత గాని తలుపుకు తాళం ఉన్నదని ఎవరూ గమనించలేదు.

పక్కింటి అరుగు మీద ఆ ఇంటి అవ్వ, ఇద్దరు మనుమలను కప్పుకొని కూర్చొని ఉంది. పాట ఆగాక నిదానంగా అన్నది:

"పాట పాడేకి వచ్చినారు, శానా సంతోషం అయ్యగారూ. మా పిల్లోళ్ళు మొన్న బేస్తవారం ఊరిడిసి పోయినారు. ఆ పొద్దు ఒక్కరన్నా వచ్చి ప్రార్థన చేసి పంపించినారా? పండగ చందాకైతే రెండు తూర్లు వచ్చిరి."

మా వద్ద జవాబు లేదు. మా సంచిలో ఉన్న చందా పుస్తకంలో ఆమె కుమారుని పేరు ఉంది. పేరుకెదురుగా బాకీ ఎంతో వ్రాసి ఉంది. అతడు ఊరిలో లేడన్న సంగతి మాత్రం ఆ పుస్తకంలో లేదు, కాపరులమైన మాకూ తెలియదు. ఆ యేడు పందిరికి, లైట్లకు, మైకు సెట్టుకు ఎంత అవుతుందో పెద్దలతో కూర్చొని మూడుసార్లు లెక్క వేశాము. ఎన్ని ఇండ్లకు తాళాలు పడ్డాయో ఒక్కసారైనా లెక్క వేయలేదు.

ఆ అవ్వకు ప్రార్థన చేసి వచ్చేశాము గాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పండుగ ప్రసంగం కోసం లూకా సువార్త రెండవ అధ్యాయం తెరిస్తే, సత్రములో స్థలము దొరకలేదన్న సంగతి దగ్గర మా కన్ను ఆగిపోయింది.

బేత్లెహేము నుండి వలస

బేత్లెహేము అనే హెబ్రీ మాటకు రొట్టెల ఇల్లు అని అర్థం. ఈ సంగతి మనము ప్రతి క్రిస్మస్‌కు చెప్పుకుంటాము. అయితే ఆ రొట్టెల ఇంటిలోనే ఒకప్పుడు రొట్టె లేకపోయినదని పరిశుద్ధ గ్రంథము చెప్పుచున్నది. రూతు గ్రంథము ఆరంభమయ్యేది కరువుతోనే. ఎలీమెలెకు అనే బేత్లెహేము రైతు భార్యను, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మోయాబు దేశమునకు వలస పోయాడు. అక్కడే ఆయన చనిపోయాడు. సుమారు పదేండ్లలో కుమారులిద్దరూ పోయారు. మిగిలినది ముగ్గురు విధవరాండ్రు. ప్రభువు తన ప్రజలను దర్శించి ఆహారమిచ్చెనని విని నయోమి తిరుగు ప్రయాణమైనది. నిండుగా వెళ్ళి వట్టి చేతులతో వచ్చానని ఊరివారితో చెప్పుకొని ఏడ్చినది. ఇది మన పల్లెల్లో ఏ ఇంటి గడప దగ్గరైనా వినిపించే మాటే కదా!

నయోమి వెంట వచ్చిన పరదేశపు కోడలు రూతు, పరిగె ఏరుకొని అత్తను పోషించింది. బోయజు ఆమెను పెండ్లాడాడు. వారికి ఓబేదు, ఓబేదుకు యెష్షయి, యెష్షయికి దావీదు. మత్తయి సువార్త మొదటి అధ్యాయము తెరవండి. క్రీస్తు వంశావళిలో రూతు పేరు స్పష్టముగా ఉన్నది. దేవుడు తన కుమారుని ఈ లోకమునకు పంపుటకు ఎన్నుకొన్న వంశము కరువు ఎరిగిన వంశము. వలస పోయి, చితికిపోయి, తిరిగి వచ్చిన కుటుంబము. పండుగ దినాన ఆ వంశావళిని కఠినమైన పేర్ల పట్టిక అని దాటవేస్తాము. మా సీమ విశ్వాసికి అందులో తన ఇంటి కథే ఉంది.

దూరము నుండి కాదు

యేసు జననము సంగతి కూడా ప్రయాణముతోనే మొదలవుతుంది. ఔగుస్తు కైసరు ప్రజాసంఖ్య వ్రాయమని ఆజ్ఞ ఇచ్చాడు. నిండు గర్భిణిని తీసుకొని యోసేపు నజరేతు నుండి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణమై వచ్చాడు. లోకరక్షకుడు పుట్టింది పరాయి చోట. పడుకొన్నది పశువుల తొట్టిలో. నలువది దినములకు తల్లి దేవాలయములో అర్పించినది గువ్వలు లేక పావురములే. గొఱ్ఱెపిల్లను తేలేని పేదలకు ధర్మశాస్త్రము అనుమతించిన అర్పణ అది (లేవీయకాండము 12:8). ఆ తరువాత హేరోదు కత్తికి వెరచి ఆ కుటుంబము ఐగుప్తునకు పారిపోయినది. మన ప్రభువు చంటిబిడ్డగా ఉండగానే వలసదారుడాయెను.

తొలి సువార్త వినినది ఎవరు? రాత్రి పొలములో మందను కాచుకొన్న కాపరులు. మా రాయదుర్గం చుట్టుపట్ల కురుబ సోదరులు కోత అయిన చేలలో గొఱ్ఱెల మంద నిలిపి, గొంగడి కప్పుకొని డిసెంబరు చలిలో రాత్రంతా మేలుకొని ఉంటారు. వారిని చూచినప్పుడెల్ల, దేవదూత ఊరిలోని పందిరి వెదకలేదు, పొలము గట్టుకే వెళ్ళాడు అని జ్ఞాపకము వస్తుంది.

యోహాను సువార్త మొదటి అధ్యాయము ఈ మర్మమును ఒక్క మాటలో చెప్పినది. దేవుని వాక్యము మనుష్యుడై మన నడుమ కాపురమున్నాడు. అక్కడ వాడిన గ్రీకు మాటకు గుడారము వేసికొనుట అని అర్థము. మేడ కట్టుకొనుట కాదు. ఇశ్రాయేలీయులు అరణ్యములో గుడారములలో తిరిగిన దినములలో దేవుని ప్రత్యక్ష గుడారము వారితోకూడ తిరిగినది. ఇప్పుడు దేవుడు మన వంటి శరీరమనే గుడారములో మన దగ్గరకే వచ్చాడు. క్రిస్మస్ యొక్క ఆత్మీయ భావము ఇదేనని మేము నమ్ముచున్నాము: దేవుడు మన కరువును దూరము నుండి చూచి ఏదో కొంత పంపలేదు. తానే వచ్చి అందులో మనతో ఉన్నాడు. ఆయన పంపిన రొట్టె ఆయనే.

కాలువ గట్టున సువార్త

మన తెలుగు సంఘ చరిత్రలోనే దీనికొక సాక్ష్యమున్నది. 1876–78 మహా కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. అప్పటికి అనంతపురం ప్రత్యేక జిల్లా కాదు. ఈ సీమంతా బళ్ళారి జిల్లాలో ఉండేది, ఆ కరువుకు ఎంతో నలిగినది. అదే కాలమున ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర, బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకము గుత్తకు తీసుకొన్నాడు. ఆకలితో వచ్చినవారికి పని చూపించి కూలి ఇచ్చాడు. ఆయనతో ఉన్న తెలుగు బోధకులు ఆ పనివారి గుడిసెల మధ్యనే ఉండి, వారు అలసి కూర్చున్నప్పుడు క్రీస్తును గూర్చి చెప్పారు. అయితే తిండి కోసం మతము మారారన్న నింద రాకూడదని కరువు కాలములో బాప్తిస్మము ఇవ్వక ఆపివేశాడు. కూలి పని ముగిసి, ఆశించుటకు ఏమియు లేనప్పుడు వచ్చినవారు అనేకులు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఆ సంఖ్యను మన సంఘాలలో గొప్పగా చెప్పుకుంటాము. దానికి ముందున్న కాలువ గట్టును, ఆ గుడిసెలను మరచిపోతాము.

రేకుల షెడ్డులో ఆరాధన

2019లో మాకు వానలు కొంత నయమే. అయినా అప్పులు తీరక వలసలు ఆగలేదు. ఆ డిసెంబరులో పందిరి మానుకొని, సంఘ పెద్దలు ఇద్దరు, మా ఇంటావిడ, మేము బెంగళూరు వెళ్ళాము. ఊరి చివర కట్టుచున్న పెద్ద భవనము పక్కన రేకుల షెడ్లు. ఆదివారము మధ్యాహ్నము పని ముగిసిన తరువాత అవ్వ కుమారుడు సిమెంటు సంచులు పక్కకు జరిపి టార్పాలిను పరిచాడు. మేము తీసుకెళ్ళినవి బొరుగులు, వేయించిన శెనక్కాయలు, బెల్లము. పాడుతుంటే భాష తెలియని ఇరుగుపొరుగు పనివారు కూడా వచ్చి కూర్చున్నారు. ప్రసంగము చిన్నదే. రూతు కథ చెప్పాము. నయోమి వట్టి చేతులతో వచ్చిన చోట ఇద్దరు తల్లులు కొంగు కన్నులకు అద్దుకొన్నారు.

బయలుదేరేటప్పుడు ఆ కుమారుడు వంద రూపాయల నోటు మా చేతిలో పెట్టి, "పోయినేడు పండగ చందా బాకీ ఉంది అయ్యగారూ" అన్నాడు. తీసుకొనుటకు మా చేయి రాలేదు. వద్దంటే అతని మనస్సు నొచ్చుకుంటుంది. చివరికి తీసుకొని, ఊరికి వచ్చి అతని పేరుకెదురుగా జమ వ్రాశాము. వ్రాసేటప్పుడు, ఎవరు ఎవరికి బాకీ పడ్డారో ఆ పుస్తకానికి తెలియదు గదా అనిపించింది.

అప్పటినుండి చందా పుస్తకముతోపాటు మరొక నోటుపుస్తకము పెట్టుకొన్నాము. ఎవరు ఏ ఊరికి పోయినది, ఫోను నంబరు, ఇంటి దగ్గర ఎవరు మిగిలినది అందులో వ్రాస్తాము. పోయే దినాన ఇంటికి వెళ్ళి ప్రార్థన చేసి సాగనంపుతాము. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ వచ్చి బస్సులు, రైళ్ళు నిలిచిపోయినప్పుడు, మావాళ్ళు ఎక్కడున్నారో తెలుసుకొనుటకు ఆ పుస్తకమే ఆధారమైనది.

మన ఇంటి పండుగ

ప్రియులారా, నక్షత్రాలు కట్టవద్దని, కొత్త గుడ్డలు వేయవద్దని మేము చెప్పుట లేదు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే పల్లెలో అస్సీసీ ఫ్రాన్సిస్ పశువుల తొట్టిలో గడ్డి పరచి, ఎద్దును, గాడిదను నిలిపి క్రీస్తు జనన దృశ్యమును ప్రజలకు కన్నులార చూపించాడు. ప్రభువు ఎంత పేదవాడై పుట్టెనో వారికి తెలియవలెనని ఆయన ఆశ. అలంకరణ ఆ తొట్టిని చూపించాలి గాని దానిని కప్పివేయరాదు.

ఈ పండుగకు మీ వీధిలో తాళము పడిన ఇల్లు ఏదైనా ఉన్నదా? ఆ ఇంటివారు ఎక్కడికి పోయారో మీకు తెలుసా? వెనుక మిగిలిన ముసలివారికి, పిల్లలకు పండుగ భోజనము మీ ఇంటినుండి వెళ్ళగలదా? ఒక ఫోను చేసి, పేరుపెట్టి పిలిచి ప్రార్థన చేయగలరా? పెద్ద ఖర్చుతో పనిలేదు. మీరు పట్టణములలో ఉన్నవారైతే, మీ ఎదుటి మేడ కట్టుచున్న కూలీలలో మా సీమవారు ఉండవచ్చు. ఒకసారి ఆ రేకుల షెడ్డు వైపు వెళ్ళి చూడండి.

ఆ అవ్వ 2021లో ప్రభువునందు నిద్రించినది. కుమారుడు బెంగళూరు నుండి వచ్చేదాక సంఘమంతా ఆమె యొద్దనే కూర్చున్నది. ఆమె మమ్మును అడిగిన ప్రశ్న మాత్రము ప్రతి డిసెంబరులో మమ్మును అడుగుతూనే ఉన్నది. మిమ్మును కూడ అడుగవలెనని ఇక్కడ వ్రాశాము.

రొట్టెల ఇంట కరువు వచ్చినను తన ప్రజలను మరువని దేవుడు, మన నడుమ గుడారము వేసికొన్న ఇమ్మానుయేలు, ఇంట ఉన్నవారికిని దూరమున ఉన్నవారికిని ఈ పండుగలో తోడైయుండును గాక. ఆమేన్.