మన రేగడి మట్టి ఏటిపాలు కారాదు



జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో గట్టి వాన పడితే మన రేగడి పైమట్టి మునేటికో పాలేటికో పోతుంది. కారణం? రేగడి తడిస్తే ఉబ్బుతుంది, నెర్రెలు మూసుకుంటాయి. ఆపైన నీరు ఇంకదు, పారుతుంది.

పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976 నుంచి దీన్ని పరీక్షించారు. వానకాలం బీడుపెట్టి రబీకి విత్తిన చెక్కలో ఏటా ఎకరాకు సుమారు రెండున్నర టన్నుల మట్టి కొట్టుకుపోయింది. రెండో చెక్కలో మీటరు వెడల్పు బోదెలు, అరమీటరు కాలువలు తీసి, తొలకరికే జొన్న, కంది కలిపి వేశారు. మట్టి నష్టం నాలుగో వంతుకు తగ్గింది. మంచి విత్తనం, ఎరువు తోడై దిగుబడి నాలుగింతలు దాటింది.

కనుక నిట్టవాలున కాలువ తీయకండి. కొద్దిపాటి వాటం చాలు. ముందు అరెకరంలో చేసి చూడండి. కాలువ నీరు తేటగా పోతే మీ మట్టి మీకు దక్కినట్లే!