దసరా దాటాక హాజరుపట్టీ

పాలమూరు పడమటి తండాల్లో దసరాకు ముందే గుంపు మేస్త్రీలు ఇల్లిల్లూ తిరిగి అడ్వాన్సు చేతిలో పెట్టిపోతారు. కోస్గి, మద్దూరు, కోయిలకొండ, నారాయణపేట ప్రాంతాల నుంచి ముంబైకి, పుణేకు, హైదరాబాదుకు వలసపోవడం ఈనాటి సంగతి కాదు. దేశంలో ఎక్కడ పెద్ద ఆనకట్ట కట్టినా అక్కడ మట్టి మోసిన పాలమూరు కూలీ ఉంటాడని పేరు. పండుగ కాగానే భార్యాభర్తలు పిల్లల్ని వెంటేసుకుని బస్సెక్కుతారు. మళ్లీ వచ్చేది ఉగాదికో, తొలకరికో. బడికి మాత్రం అదే నడిమి కాలం. గుణింతాలు, కూడికలు ఒక దారికొచ్చే ఆ నెలల్లోనే పిల్లవాడు ఏ కట్టుబడి దగ్గరో ఇసుక కుప్ప మీద చెల్లెల్ని ఆడిస్తుంటాడు. తిరిగొచ్చాక తోటివాళ్ల పాఠం అందదు. రెండేళ్లు ఇలా గడిస్తే తనకు చదువు రాదని వాడే నమ్మేస్తాడు. అన్నిటికంటే నన్ను కలచివేసేది ఈ నమ్మకమే.

2011 జనాభా లెక్కల ప్రకారం పాలమూరుగా పిలిచే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి 23 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌లో అదే అట్టడుగు. ఆడవాళ్లలో చదవగలిగింది నూటికి 45 మందే. నల్గొండ 64 శాతం దగ్గర ఆగింది. వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదు 83 దాటింది. 2016లో జిల్లాలు విడిపోయాక గద్వాల లెక్క విడిగా తీస్తే అది సగానికి లోపే తేలింది.

ఆ గద్వాల వైపు, కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో కష్టం ఇంకో తీరు. అక్కడ వలసకంటే సీడు పత్తి ఎక్కువమంది పిల్లల్ని బడికి దూరం చేసింది. హైబ్రిడ్ విత్తనం తయారుకావాలంటే ప్రతి పువ్వునూ చేత్తో క్రాసింగ్ చేయాలి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజే వెతికి పట్టుకోవాలి. గోరుతో రెక్కల్నీ పుప్పొడి తిత్తుల్నీ ఒలిచేసి నడిమి కాడను మాత్రం దెబ్బ తగలకుండా మిగల్చాలి. తెల్లారి మగ చెట్టు పువ్వు తెచ్చి ఆ కాడ కొనకు రాయాలి. ఒక్క పూట మానినా ఆ రోజు మొగ్గలు పోయినట్టే. సన్నని వేళ్లు, చెట్టు ఎత్తుకు సరిపోయే పొడుగు, తక్కువ కూలి. ఈ మూడూ చూసే ఆడపిల్లల్ని ఏళ్ల తరబడి ఈ పనిలో పెట్టారు. అధ్యయనాలు వచ్చి, బయటి నుంచి ఒత్తిడి పెరిగాక విత్తన కంపెనీలు చిన్నపిల్లలతో పని చేయించబోమని ఒప్పుకున్నాయి. చేలల్లో పిల్లలు తగ్గారు కూడా. అయితే 2016లో సవరించిన బాలకార్మిక చట్టం బడి వేళలు అయ్యాక, సెలవుల్లో పిల్లలు ఇంటి పనికి సాయపడవచ్చని సందు వదిలింది. సొంత చేనులో తల్లి పక్కన నిలబడి మొగ్గలు ఒలిచే పిల్ల ఎవరి లెక్కలోకి వస్తుంది? పత్తి పూతకు ఆదివారమూ లేదు, బడి గంటా లేదు.

చదువులో ఈ అంతరం తగ్గించే దారి తెలియని నేల కాదు ఇది. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. పల్లెల్లోని పేదింటి పిల్లలను పరీక్ష పెట్టి ఎంచుకుని, తిండి, బట్ట, చదువు అన్నీ ఒక్కచోట ఇస్తే ఏమవుతుందో ఆ బడి చూపించింది. రాష్ట్ర డీజీపీగా పనిచేసిన మహేందర్ రెడ్డి అక్కడి విద్యార్థే. తర్వాత పీవీ కేంద్రంలో విద్యాశాఖ చూస్తున్నప్పుడే నవోదయ విద్యాలయాలు వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు వందల కొద్దీ గురుకులాలు తెరిచారు. గురుకులంలో సీటు వచ్చిన రోజు తండాలో పండుగే. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను.

కానీ సీటు రాని పిల్లల మాట ఎవరు ఎత్తాలి? ఐదో తరగతి ప్రవేశ పరీక్ష రాయాలంటే నాలుగో తరగతి దాకా బడిలో కుదురుగా ఉండాలి కదా! దసరాకు పోయి ఉగాదికి వచ్చే పిల్ల ఆ వరుసలోనే నిలబడలేదు. కాస్త చదవగలిగినవాళ్లు గురుకులానికి, కాస్త కట్టగలిగినవాళ్లు ప్రైవేటు బడి బస్సుకు పోతే ఊరి బడిలో మిగిలేది అందరికంటే ఎక్కువ సాయం కావలసినవాళ్లు. వాళ్ల దగ్గర తరచూ ఒకరిద్దరు టీచర్లే అన్ని తరగతులూ చూస్తుంటారు.

దీనికి భాష తోడవుతుంది. దేవరకొండ, చందంపేట తండాల్లో తల్లిని యాడి అని పిలిచే పిల్ల ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది. బడిలో సారు తెలుగు. 2022-23 నుంచి ఒకటో తరగతి పాఠం ఇంగ్లీషు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు అచ్చేసిన పుస్తకం ఇచ్చారు. ఆ రెండు పేజీల్లోనూ ఆ పిల్ల ఇంటి మాట లేదు. కృష్ణా నది దగ్గర కర్ణాటక సరిహద్దు ఊళ్లలో కన్నడం, అమ్రాబాద్ అడవిలో పెంటలనే చెంచు గూడేలు, పట్టణ బస్తీల్లో ఉర్దూ. ఇన్ని రకాల పిల్లలకు ఒకే పుస్తకం, ఒకే వేగం, ఒకే పరీక్ష పెట్టి, చివర్లో వెనకబడ్డారని రాసుకుంటున్నాం. మొదటి రెండేళ్లు తండా బడిలో లంబాడీ తెలిసిన ఒక మనిషి ఉండాలని అడగడం పెద్ద కోరికేమీ కాదు. చదువుకుని ఊళ్లో ఖాళీగా ఉన్న ఆడపిల్లలు ప్రతి తండాలోనూ ఉన్నారు.

బడి మానినవాళ్లు మళ్లీ అందుకోలేరన్న వాదనకు పక్క జిల్లాలోనే జవాబు దొరికింది. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లల్ని తెచ్చి, నెలల తరబడి శిబిరాల్లో ఉంచి, వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది ఆ పనికే. 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టమూ అదే దారి పట్టింది. వయసుకు తగ్గ తరగతి, వెనకబడినవాళ్లకు ప్రత్యేక శిక్షణ హక్కులయ్యాయి. టీసీ లేదని ఏ బడీ పిల్లను వెనక్కి పంపకూడదు. ఇక భువనగిరి వైపు ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలకు పని దగ్గరే ఒడియాలో చదువు చెప్పే ఏర్పాటు జరిగింది. మన పిల్లలు పుణేలో ఇటుకల మధ్య కూర్చున్నప్పుడు తెలుగులో అలాంటి బడి కావాలని మనం మహారాష్ట్రను అడగాలి.

అంతకంటే దగ్గరి పని ఇంకొకటుంది. "పిలగాన్ని ఎవరి దగ్గర ఇడిసిపోవాలె సారు?" అని తల్లి అడిగితే జవాబు ఊళ్లోనే ఉండాలి. ముసలివాళ్ల మీద వదిలేసిన పిల్లలకు ఆరునెలల పాటు అన్నం, రాత్రి పడక, సాయంత్రం చదువు ఇచ్చే సీజనల్ హాస్టల్ అందుకే. వలస ఎక్కువున్న మండలాల పేర్లు అధికారులందరికీ తెలుసు. ఏ తండా నుంచి ఎన్ని ఇళ్లు పోతాయో అక్కడి టీచర్ సెప్టెంబరులోనే చెప్పగలడు. ఆ జాబితా తీసుకుని, వంటమనిషిని కుదిర్చి, బియ్యం దింపి, హాస్టల్ తలుపులు తెరవాల్సింది బతుకమ్మ మొదలయ్యే లోపే. ఆ తర్వాత మంజూరైన డబ్బు ఖాళీ గదికే ఖర్చవుతుంది.