కొండ వాగులు, పిడుగులు: కాలినడక యాత్రికులకు పొంచి ఉన్న ప్రమాదాలు

కొండ వాతావరణం అనగానే హిమాలయాల మంచు, చలి గుర్తుకు వస్తాయి. ఎత్తు ప్రతి 1000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. అయితే భైంసా నుంచి నిర్మల్ వైపు వెళ్తే కనిపించే గుట్టలు చలి ప్రాణాంతకమయ్యేంత ఎత్తైనవి కావు. ఇక్కడ నడిచేవారికి ముఖ్యమైన ప్రమాదాలు వాగులు, పిడుగులు. ఈ రెండింటి గురించి ఈ భాగంలో తెలుసుకుందాం.

1. వాన లేనిచోట వరద ఎలా వస్తుంది?

తేమగాలులకు కొండలు అడ్డు వచ్చినప్పుడు గాలి పైకి లేస్తుంది. పైన పీడనం తక్కువ కనుక అది వ్యాకోచించి చల్లబడుతుంది. అందులోని నీటి ఆవిరి ద్రవీభవించి వర్షిస్తుంది. దీనిని పర్వతీయ వర్షపాతం అంటారు. వాలు ఎక్కువగా, మట్టి పొర పలుచగా ఉన్న చోట ఈ నీరు ఇంకకుండా త్వరగా వాగులోకి చేరుతుంది. వాగు పరీవాహక ప్రాంతం కొన్ని కిలోమీటర్ల ఎగువ వరకు ఉంటుంది. మీకు కనిపించేది మాత్రం మీ నెత్తిమీది ఆకాశమే. అందుకే మీరున్న చోట చినుకు పడకపోయినా వాగు పొంగవచ్చు.

2. ఒక ఉదాహరణ: ముత్యాలధార

ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని అడవిలో ముత్యాలధార జలపాతం ఉంది. 2023 జూలై 26న దానిని చూడటానికి వెళ్లినవారిలో సుమారు 80 మంది తిరుగుదారిలో వాగు పొంగడంతో అడవిలో చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం వారిని రక్షించింది. ఆ వానల తీవ్రతను గమనించండి. 24 గంటల్లో 204.5 మి.మీ. లేదా అంతకు మించి కురిస్తే దానిని అత్యంత భారీ వర్షంగా లెక్కిస్తారు. అదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో 649.8 మి.మీ. నమోదైంది.

వెళ్లేటప్పుడు సులువుగా దాటిన వాగు, వచ్చేటప్పటికి దాటరానిది కావచ్చునని ఈ ఘటన తెలుపుతుంది.

3. వాగు దగ్గర ఏం చేయాలి?

తేట నీరు బురదగా మారడం, ఆకులు, పుల్లలు కొట్టుకురావడం, హోరు పెరగడం వరదకు ముందస్తు గుర్తులు. ఇవి కనిపిస్తే వెంటనే గట్టెక్కి, ఎత్తైన చోటికి చేరండి. నీటి వేగం రెట్టింపైతే అది మనిషిని నెట్టే బలం దాదాపు నాలుగింతలవుతుంది. కనుక మోకాలిలోతే కదా అని దిగకండి. చిన్న వాగులు వాన ఆగిన కొన్ని గంటల్లో తగ్గుతాయి. రాత్రంతా ఆకలితో ఆగవలసి వచ్చినా ఆగడమే మేలు. 112కు ఫోన్ చేసి మీరున్న చోటు చెప్పండి.

4. పిడుగులు

ఎండాకాలంలో మధ్యాహ్నం దాటాక నేల వేడికి ఉరుము మేఘాలు ఏర్పడతాయి. మెరుపు కనిపించిన క్షణం నుంచి ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం సుమారుగా కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్లలోపే ఉరుము వినిపిస్తే మీరు ప్రమాద పరిధిలో ఉన్నట్లే. గుట్ట కొసను, ఒంటరి చెట్టును వదిలి పక్కా భవనంలోకో, మూసి ఉన్న కారులోకో వెళ్లండి. చివరి ఉరుము తరువాత అరగంట ఆగండి.

5. బయలుదేరే ముందు

వాతావరణ శాఖ హెచ్చరికలలో పసుపు అంటే గమనిస్తూ ఉండాలని, నారింజ అంటే సిద్ధంగా ఉండాలని, ఎరుపు అంటే తక్షణ చర్య అవసరమని అర్థం. చేరే చోటుకే కాక ఎగువ ప్రాంతానికి కూడా సూచన చూడండి. కుంటాల జలపాతానికి వెళ్తుంటే, కడెం నదికి ఎగువన ఉన్న బోథ్ మండలంలో వాన ఉందేమో తెలుసుకోవాలి. పిడుగుల సమాచారానికి దామిని యాప్ ఉపయోగపడుతుంది. తిరిగి వచ్చే వేళ ఇంట్లో చెప్పి వెళ్లండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మీరున్న చోట వాన లేకున్నా వాగు ఎందుకు పొంగుతుంది?
2. మెరుపు తరువాత 12 సెకన్లకు ఉరుము వినిపిస్తే పిడుగు ఎంత దూరంలో పడినట్లు? అప్పుడు మీరేం చేయాలి?
3. మీ ఊరి దగ్గరి వాగు ఏ గుట్టల నుంచి వస్తుంది? పెద్దలను అడిగి దాని దారిని పటంగా గీయండి.