కుదుపును మింగే నూనె

అనంతపురంలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. ఏడాదిలో ఎక్కువ భాగం ఎండి ఉండే కంకర దారుల మీద చక్రాలు తిరిగేకొద్దీ అడ్డంగా చిన్నచిన్న గట్లు వరుసగా లేస్తాయి. 44వ నంబరు జాతీయ రహదారి దిగి పల్లెదారి పట్టిన ఏ బండికైనా అవి పరీక్షే. పాత మోరిస్ మైనర్‌నో, అంబాసిడర్‌నో ముచ్చటపడి బాగుచేయించుకునేవారికి ఇక్కడే ఒక చిక్కుప్రశ్న ఎదురవుతుంది. బండితో పుట్టిన షాకబ్జర్బర్లనే బాగుచేయించాలా, కొత్త రకం బిగించాలా?

కుదుపును ముందుగా అందుకునేది స్ప్రింగు. అందుకున్నదాన్ని అది దాచుకోదు, తిరిగి ఇచ్చేస్తుంది. టన్ను బరువు 10 సెంటీమీటర్లు కిందికి దిగితే వెలువడే శక్తి దాదాపు 1,000 జౌళ్లు. ఆ శక్తికి ఎక్కడో ఒకచోట ఖర్చు చూపించకపోతే బండి ఊగుతూనే ఉంటుంది. దాన్ని వేడిగా మార్చి గాలికి వదిలేయడమే షాకబ్జర్బర్ పని.

తొలి షాకబ్జర్బర్లలో నూనె లేదు. ఫ్రాన్స్‌లో ట్రుఫో రూపొందించిన రాపిడి బిళ్లల పద్ధతిని అమెరికాలో ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ 1904 ప్రాంతంలో వ్యాపారంగా మలిచాడు. ఒకదానికొకటి అదుముకున్న బిళ్లలు చిన్న కుదుపుకు కదలకుండా మొరాయించేవి, పెద్ద కుదుపుకు చాలేవి కావు. ఎంత వేగంగా కదిలినా రాపిడి దాదాపు ఒకటే కావడం దీనికి కారణం.

నూనె స్వభావం వేరు. సైకిల్ పంపు మూతిని వేలితో సగం మూసి నెమ్మదిగా నొక్కితే గాలి జారుకుంటుంది, గట్టిగా నొక్కితే ఎదురు తిరుగుతుంది. సన్నని రంధ్రంలోంచి నూనెను తోసినా అంతే: వేగం రెట్టింపైతే ఎదురు బలం సుమారు నాలుగు రెట్లవుతుంది. అది మరీ పెరిగిపోకుండా వాల్వులు తెరుచుకుంటాయి. మోరిస్ ఉదాయ్ అనే ఫ్రెంచివాడి నూనె షాకబ్జర్బర్లు 1927 చివర వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏ కారుకు నాలుగు చక్రాల దగ్గరా అమరాయి.

బ్రిటిష్ కార్లలో స్థిరపడింది చెయ్యి రకం. ఛాసిస్‌కు బిగించిన నూనె పెట్టె, అందులోంచి బయటికి వచ్చే ఒక చెయ్యి. మోరిస్ మైనర్‌లో, దాని ఆధారంగా మన హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన బేబీ హిందుస్థాన్‌లో, ముందు చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచేది కూడా ఆ చెయ్యే. దాన్ని ఊరికే విప్పేస్తే చక్రానికి ఆధారం ఉండదు. అందుకే గొట్టంలో పిస్టన్ ఆడే కొత్త రకం బిగించేవారు కూడా చాలాసార్లు పాత పెట్టెను ఆధారంగా అక్కడే ఉంచేస్తారు. షాకబ్జర్బరే చక్రానికి ఆధారం కావడం అంతరించిన ఆలోచనేమీ కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా కర్మాగారంలో 2019 నుంచి తయారవుతున్న సెల్టోస్‌లోనూ ముందు చక్రాన్ని నిలబెట్టే స్తంభంలో షాకబ్జర్బరే భాగం.

చెయ్యి రకానికి ఒక బలహీనత ఉంది. లోపలి పిస్టన్ కదిలే దూరం తక్కువ, నూనె కొంచెమే, ఒత్తిడి ఎక్కువ. గట్ల దారిలో క్షణం తెరిపి లేకుండా ఊగితే నూనె కాగి పలచబడుతుంది, గాలి కలిసి నురగ కడుతుంది. నురగను నొక్కడం తేలిక కాబట్టి పట్టు సడలుతుంది. ఈ జబ్బుకే ఫ్రాన్స్‌లో ద కార్బన్ అనే ఆయన మందు కనిపెట్టాడు: ఒకే గొట్టంలో నూనెను వాయువు ఒత్తిడితో అదిమి ఉంచితే నురగ లేవదు. 1957లో బిల్‌స్టైన్ సంస్థ ఆ రకాన్ని మెర్సిడెస్ కోసం భారీగా తయారుచేసింది.

అయితే అనంతపురం దారుల్లో ఎగిరిపడే రాళ్లూ ఉన్నాయి. ఒంటి గొట్టం రకంలో పిస్టన్ బయటి గోడనే ఒరుసుకుంటూ తిరుగుతుంది, ఒక్క లోతైన సొట్ట పడితే పని ఆగినట్టే. జంట గొట్టం రకంలో పిస్టన్ లోపలి గొట్టంలో ఉంటుంది కనుక బయటి సొట్టను చాలావరకు తట్టుకుంటుంది. ఈ రెంటిలో ఏదైనా పిస్టన్ కడ్డీకి దుమ్ము తొడుగు తప్పదు, ఇసుక రేణువు ఆయిల్ సీలును కోస్తుంది.

ఇక ఎంపిక. ప్రదర్శనలకూ, పండగ పూట ఊరేగింపులకూ తీసే బండికి పాతవే మేలు. బుష్‌లు, సీళ్లు మార్చి సరైన నూనె పోస్తే అవి మళ్లీ పనిచేస్తాయి. అరుగుదలను కప్పిపుచ్చడానికి చిక్కటి నూనె పోయడం మాత్రం వైద్యం కాదు. రోజూ గతుకుల్లో తిరిగే బండికి తక్కువ ఒత్తిడి వాయువున్న జంట గొట్టం రకం నప్పుతుంది, అదీ ఆ బండి స్ప్రింగుల బిగువుకూ, బరువుకూ సరిపోయేది. మరీ గట్టిది పెడితే కుదుపంతా బాడీకే చేరి, పాత అతుకులు విడతాయి. కొత్తదాన్ని ఛాసిస్‌కు కొత్త రంధ్రం వేయకుండా బిగించాలి, విప్పిన పాతదాన్ని నూనె రాసి భద్రపరచాలి. అప్పుడు తర్వాతి యజమానికి వేరే మార్గం నచ్చినా దారి మూసుకుపోదు.