పెరటి గొఱ్ఱెకును టీకా వలయును

ఖిలా వరంగల్ నేడు నగరపాలక సంస్థలో చేరినను, కాకతీయుల కోటగోడల నడుమ పొలములు ఇంకను సాగగుచున్నవి. అట్టిచోట గాని, మీ గ్రామమున గాని, చిన్న కమతమున ముచ్చటకై గొఱ్ఱెలను పెంచువారు రెండింటినైనను ఉంచుట మేలు. ఒంటరి గొఱ్ఱె బెంగపడును.

అసలు ముప్పు మేతలోనే యున్నది. తొలకరి పచ్చికను గాని, పిల్లలు ప్రేమతో పెట్టిన గింజలను గాని గొఱ్ఱె ఒక్కసారిగా మెక్కినచో, ప్రేగులలోని సూక్ష్మక్రిములు పెచ్చుపెరిగి విషమును పుట్టించును. ఇదియే చిటుక రోగము. బాగుగా బలిసిన జీవమే ముందు కూలును. చికిత్సకు వ్యవధి చిక్కదు. కావున వర్షములకు ముందే టీకా వేయింపవలెను. తొలిసారి వేయించినచో, రెండు మూడు వారములకు మఱియొకటి అవసరము.

మందలకు టీకాలు వేయునపుడు పెరటి జీవములు లెక్కకు రాకపోవుట కలదు. పంచాయతీ సభ్యులు తమ వార్డులోని అట్టి ఇండ్ల పట్టికను వేసవిలోనే పశువైద్యశాలకు అందజేయవలెను.